ఐదు స్టార్లు

మంగళవారం ఉదయం షేర్ కారు డివైడర్‌ను గుద్దుకుని మాస్టారి భార్య చనిపోయింది. రెండు వారాల తర్వాత ఆయన ఆ కార్ల ఆఫీసుకు వెళ్లి, ఫిర్యాదులు చూసే అమ్మాయి ఎదుట కూర్చున్నారు.

“ఆ డ్రైవర్ని తీసేశారా అమ్మా?”

“ఆ రోజే ఆపేశాం మాస్టారూ.”

“ముందే ఆపాల్సింది.”

“రెండు ఫిర్యాదులొస్తే ఆపేస్తాం. అప్పటికి ఒక్కటే ఉంది, ఫోను చూస్తూ నడుపుతాడని.”

“అంతకు ముందు నెల మేమిద్దరం అతని కారే ఎక్కాం.”

“చూశానండి. మీరు ఐదు స్టార్లు ఇచ్చారు.”

“అప్పుడూ ఫోను చూస్తూనే నడిపాడు. దారి పొడుగునా మా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. దిగాక, ‘వీడి సంగతి రాయండి’ అంది.”

“మరి?”

“ముప్పై ఏళ్లుగా రెండు మార్కులు తక్కువైతే కలిపేసే చెయ్యి ఇది. ‘పోనీలే, పొట్ట మీద కొట్టడం దేనికి’ అన్నాను.”

“ఆవిడేమన్నారు?”

“‘మీ దగ్గర ఫెయిలైన వాడెవడు లెండి’ అని నవ్వింది.”

“ఇప్పుడైనా రాసివ్వండి మాస్టారూ. అది ఉంటే అతనికి ఇంకెవరూ బండి ఇవ్వరు.”

“ఈ ఫారంలో ‘అప్పుడే ఎందుకు చెప్పలేదు’ అని అడిగారు.”

“అది నింపకపోతే ఫారం తీసుకోరండి.”

“ఇంటికి పట్టుకెళ్లి రాస్తానమ్మా.”

తేదీ, కారు నంబరు, చూసిందంతా ఆయన ఆ సాయంత్రమే గుండ్రటి అక్షరాలతో రాశారు. ఆ ఒక్క గడి ఇంకా ఖాళీగానే ఉంది.