మెట్ల కింద అన్న మాట

లెక్కల మాస్టారు సీతారామయ్య పోయిన రోజే నాచారం బడిలో పదో తరగతి రాణిని గెంటేశారు. దినాలు ముగించుకుని వచ్చిన ఆయన భార్య, తెలుగు టీచరు శ్యామలమ్మ, ప్రిన్సిపాల్ పట్టాభిరామయ్య గదిలో కుర్చీ ఉన్నా నిలబడే ఉంది.

“కూర్చోండి మేడమ్. ఇంకొన్నాళ్లు సెలవు పెట్టాల్సింది...”

“రాణి హాల్ టికెట్ ఎందుకు ఆపిన్రు సార్?”

“అదా... ఇప్పుడు మీకవన్నీ—”

“ఎందుకు ఆపిన్రు?”

“మీ కోసమేనమ్మా! మాస్టారి కబురు తెలిసి బడి మొత్తం ఏడుస్తుంటే, ఆ పిల్ల మెట్ల కింద స్నేహితురాలితో ‘సారు పోయిండు, మంచిగైంది’ అంటోంది. నా చెవులతో విన్నాను.”

“మంచిగైంది అన్నదా, మంచిగుండె అన్నదా?”

“రెంటికీ తేడా ఏముంది?”

“మస్తు ఉంది. మంచిగుండె అంటే, సారున్నన్ని రోజులు బాగుండేది అని. మీ గుంటూరు చెవికి రెండూ ఒక్కతీరే వినబడతయి.”

“ఆంధ్రా, తెలంగాణా అని మొదలుపెట్టకండి మేడమ్!”

“మాట తెల్వకుండ పిల్ల ఏడాది ఖరాబు చేస్తరా? అయినా ఇద్దరు పిల్లలు చాటుకు ముచ్చట పెట్టుకుంటే మీకేం పని? స్టాఫ్ రూంల మేం మీ గురించి అనుకునేది గూడ వింటరా?”

“ఏమనుకుంటారు?”

“వినకుంటెనే మీకు మంచిది.”

“చూడండి, చనిపోయిన గురువుని—”

“ఆ గురువు నా భర్త. నొచ్చుకుంటే నేను నొచ్చుకోవాలె. పిల్లను నేనే పిలిపించిన, బయట నిలబడ్డది. రాణీ, లోపలికి రా బిడ్డా. భయపడకు. మంచిగుండె అన్నవు గదా? సారుకు చెప్పు.”

“లేదు టీచర్. మంచిగైంది అన్న.”

“విన్నారా! విన్నారా మేడమ్! మీ మొహం మీదే...”

“మీరాగండి సార్. ఎందుకన్నవ్ రాణీ?”

“సారు ఇగ కొట్టడు గదా అని.”

“కొట్టిన్రా? నిన్నా?”

“ఏయ్, చాలు! బయటికి నడు!”

“పిల్ల నాతోని మాట్లాడుతున్నది సార్. చెయ్యి వెనక ఎందుకు పెట్టుకున్నవు రాణీ? చూపియ్యి. ఈ వేలు... నీళ్ల నల్లా కాడ జారిపడితే విరిగిందన్నరు గదా?”

“డస్టర్‌తోని కొట్టిండు టీచర్. పడ్డనని చెప్పమన్నది ప్రిన్సిపాల్ సారే. మెట్ల కింద నా దోస్తుకు గదే చెప్తున్న. గీ సారు విన్నడు.”

“అబద్ధం! మేడమ్, మీరిది నమ్ముతారా?”

“రాణీ, క్లాసుకు పో.”

“హాల్ టికెట్ టీచర్?”

“సారే తెచ్చి ఇస్తడు. పో బిడ్డా.”

“మాస్టారి పేరు బజారున పడుతుంది. ఆలోచించుకోండి.”

“పడనియ్యండి. ఆ పిల్లకు ఆయన క్షమాపణ చెప్పాలె. ఇగ చెప్పలేరు. మీరింకా చెప్పలేదు.”