గంజి చెదరని చొక్కా

నరసరావుపేటలో బట్టల కొట్టు నడిపే ఆయన ఆదివారం పొద్దుగూకాక, కృష్ణ ఒడ్డునున్న తెరచాప పడవల క్లబ్బులో పార్టీ ముగించుకుని ఇంటికొచ్చాడు. ఉతకడానికి చొక్కా అందుకున్న భార్య మనసు కీడు శంకించింది.

“రోజంతా పడవలోనే తిరిగారా?”

“ఆఁ. గాలి చానా బాగుంది.”

“మరి చొక్కా గంజి చెక్కు చెదరలేదేంది? నీటిచుక్క పడ్డ జాడే లేదు.”

“జాగ్రత్తగా కూర్చున్నాలే.”

“మాటలు చెప్పబాకండి. అందరూ పెళ్ళాలతో పోతుంటే మీరొక్కరే పోతున్నారంట. ఎవరామె?”

“ఎవరూ లేరే! నేనసలు పడవే ఎక్కలా. నీళ్ళంటే భయం నాకు.”

“అది నాకు తెలియనిదా? పెళ్ళైన కొత్తలో మా అచ్చంపేట రేవులో పడవెక్కి, నా చెయ్యి నలిపేశారుగా. మరి అక్కడికి పోవటం దేనికి?”

“పెద్ద బేరాలన్నీ ఆ భోజనాల దగ్గరే తెగుతున్నాయి.”

“నన్ను తీసుకుపోకపోవటం దేనికి?”

ఆయన తల దించుకున్నాడు.

“నీళ్ళంటే నీకు భయమనీ, నన్ను పడవెక్కొద్దని ఒట్టేయించుకున్నావనీ వాళ్ళకి చెప్పా.”

“నాకా భయం? కృష్ణలో ఈత కొట్టి పెరిగినదాన్ని!”

ఆమె ఆ చొక్కాను బకెట్టు నీళ్ళలో అడుగుదాకా ముంచింది.

“వచ్చే ఆదివారం నేనూ వస్తున్నా.”

“పార్టీకా? ఏం చీర కట్టుకుంటావు?”

“తడిసినా పర్లేని నేతచీర.”