లుప్పో వెతికిన ఇత్తడి బిళ్ళ

మిత్రులారా, పెకెలా ఊరి పెద్దలారా, పాత సైకిళ్ల సంఘం సభ్యులారా, అందరికన్నా ముందు ఫ్రౌకా,

ఆదివారం పూట, ఈ ఎదురుగాలిలో, కాలవ గట్టు వెంట సైకిళ్లు తొక్కుకుంటూ ఇంతమంది వచ్చారు. బయట గోడకి ఆనించడానికి చోటు చాలక చర్చి కంచె దాకా నిలబెట్టారు. లుప్పో ఉండి ఉంటే ఈపాటికి లోపల కూర్చునేవాడు కాదు. బయటే ఉండేవాడు. నడుం వంచి, ఒక్కో సైకిలు గంటనీ, ఒక్కో దీపాన్నీ తడిమి చూసుకుంటూ, మనమంతా వెళ్లి పిలిచినా వచ్చేవాడు కాదు.

నన్ను ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. నా పేరు ఫెన్నా. ముప్పై ఏళ్లుగా లుప్పోతో కలిసి పాత సామాన్ల సంతలన్నీ తిరిగినదాన్ని. మాది సగం స్నేహం, సగం పోటీ. అతనికి దొరికింది నాకు దొరకలేదని కుళ్లుకున్న రోజులున్నాయి, నాకు దొరికింది చూపించి అతన్ని ఉడికించిన రోజులూ ఉన్నాయి. లుప్పో మేయరింగ్ పోయిన మంగళవారం కాఫీ తాగి, కుర్చీలో వెనక్కి వాలి, అలాగే వెళ్లిపోయాడు. నేను ఇక్కడికి ఏడుస్తానని వచ్చాను. ఏడుపు రావడం లేదు. మనసు తేలిగ్గా ఉంది. అతని భార్య ఫ్రౌకాకీ అలాగే ఉందట. ఎందుకు తేలిగ్గా ఉందో చెప్పడానికే నిలబడ్డాను.

లుప్పో పళ్ల డాక్టరు. ఈ ఊళ్లో సగం నోళ్లు అతనికి తెలుసు. మిగతా సగం నోళ్లు పక్క ఊరి డాక్టరు దగ్గరికి వెళ్లేవి, దాని సంగతికి తర్వాత వస్తాను. సాయంత్రం అయ్యేసరికి ఆ చేతులతోనే, ఆ పరికరాలతోనే, సైకిళ్లకి తగిలించే పాత కార్బైడు దీపాల లోపలి గసి గీకేవాడు. సంతలో దీపం కనిపిస్తే మూత తీసి, "ఏదీ, నోరు పెద్దగా తెరువమ్మా" అనేవాడు. అమ్మేవాళ్లు నవ్వి ధర తగ్గించేవారు. తగ్గించినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ నష్టాన్ని ఇంకా మరిచిపోలేదు. ఫ్రౌకా భోజనాల బల్ల మీద అన్నం కన్నా గాలిపంపులే ఎక్కువ ఉండేవి. "ఈయన పోతే నాకు బల్ల దక్కుతుంది" అని ఆవిడ అందరి ముందూ అనేది. ఇప్పుడు బల్ల ఖాళీగా ఉంది. నిన్న వెళ్తే ఆవిడ మాత్రం వంటగదిలో నిలబడే తింటోంది.

ఇలాంటి సామాన్లకి వెల ఎలా కడతారని మమ్మల్ని అందరూ అడుగుతారు. నేను చెప్పే జవాబు: ఎన్ని మిగిలాయి, తుప్పు ఎంత, డబ్బా ఉందా లేదా. లుప్పో జవాబు వేరు. "ఫెన్నా, ఏది దొరక్కపోతే నీకు నిద్ర పట్టదో, దాని వెల అంత" అనేవాడు. గొప్ప మాటలు చెబుతున్నాడులే అనుకునేదాన్ని. అతనికి నిజంగానే నిద్ర పట్టదని నాకేం తెలుసు?

ఒక వసంతకాలం, ఆస్సెన్ సంత. ఒక బల్ల మీద ఫ్రెంచి కార్బైడు దీపం. గీత పడలేదు, అసలు డబ్బాతో సహా ఉంది. మేమంతా దాని చుట్టూ ఈగల్లా మూగాం. లుప్పో దాని వంక చూడనైనా చూడలేదు. పక్కన బొత్తాల డబ్బాలో చెయ్యి పెట్టి ఒక చిన్న ఇత్తడి బిళ్ళ తీశాడు. మధ్యలో చిల్లు, ఆ చిల్లుని తెల్లటి లోహంతో ఎవరో పూడ్చారు. మా లెక్కలో అతుకు పడిన బిళ్ళంటే చెత్త. లుప్పో బేరమాడకుండా రెండు వందల యూరోలు తీసి ఇచ్చాడు. అమ్మేవాడు బిత్తరపోయి, "డాక్టరు గారూ, ఇంకో రెండు పట్టుకెళ్లండి, ఊరికే ఇస్తా" అన్నాడు. మేం పడీపడీ నవ్వాం. ఆ మధ్యాహ్నమంతా "వెల తెలియని డాక్టరు" అని ఆటపట్టించాం.

తిరిగి వస్తుంటే దారిలో సైకిలు ఆపి నాకు సంగతి చెప్పాడు.

మిత్రులారా, మీలో చిన్నవాళ్లకి ఆ బిళ్ళల సంగతి తెలియదు. యుద్ధానికి ముందు సైకిలుకి సుంకం ఉండేది. కట్టినవాళ్లకి ఇత్తడి బిళ్ళ ఇచ్చేవారు, ఏటా కొత్తది. అట్టల ఫ్యాక్టరీలు మూతపడ్డ రోజుల్లో మన ఊళ్లో సుంకం కట్టగలిగినవాళ్లు ఎంతమంది? పనిలేనివాళ్లకి బిళ్ళ ఉచితంగా ఇచ్చారు. ఇస్తూ ఇస్తూ మధ్యలో చిల్లు పొడిచి ఇచ్చారు. వీడు బీదవాడని దారినపోయే ప్రతివాడికీ తెలియాలి కదా. ఆ చిల్లు బిళ్ళ ఉన్నవాడు ఆదివారం సైకిలు ఎక్కకూడదు. పని వెతుక్కోవడానికి తొక్కొచ్చు, అన్నని చూడటానికి తొక్కకూడదు. పనిలేనివాడికి ఆదివారం సరదా ఎందుకన్నారు. అలా అన్నవాళ్లు ఆ సాయంత్రం బళ్లలో షికారు వెళ్లారు.

ఆ రోజుల్లో ఈ ఊళ్లో డెర్క్ మేయరింగ్ అనే పళ్ల డాక్టరు ఉండేవాడు. లుప్పో వాళ్ల నాన్న. ఆయన బీదవాళ్ల బిళ్ళలు తీసుకుని, పళ్లలో నింపే వెండి ముద్దతో ఆ చిల్లులు పూడ్చి ఇచ్చేవాడు. ఆదివారం పొరుగూళ్లకి వెళ్తే ఎవరూ ఆపకుండా. అంతవరకూ ఊరంతా చేతులెత్తి మొక్కింది. ఒక ఆదివారం ముగ్గురు మనుషుల్ని కాలవ గట్టు మీద పోలీసు ఆపాడు. సైకిళ్లు లాక్కున్నారు, జరిమానా వేశారు. ఆ ముగ్గురి బిళ్ళలు పూడ్చినవేనని వాళ్లకీ, పూడ్చినవాడికీ తప్ప ఎవరికి తెలుసు? ఊరు లెక్క కట్టేసింది. చిల్లు పూడ్చిన చేత్తోనే పట్టించాడు అంది.

నిప్పు లేందే పొగ రాదంటారు. ఆ పొగ డెర్క్ డాక్టరు ఇంటి మీద ఆయన బతికున్నంతకాలం కమ్ముకునే ఉంది. సగం ఊరు పక్క ఊరి డాక్టరు దారి పట్టింది అప్పుడే. యుద్ధం వచ్చి, జర్మన్లు ఏలి వెళ్లాక, పట్టించడం అనే మాటకి ఈ దేశంలో ఎంత బరువు పెరిగిందో మీకు చెప్పక్కర్లేదు. ఆయన ఒక్కసారీ నోరు విప్పి కాదని చెప్పలేదు. పైగా ఆ నోట్లో ముందు పక్క ఒక పన్ను లేదు. "తన పన్నే కట్టుకోలేనివాడు మన పళ్లేం కడతాడు" అని బడిలో పిల్లలు లుప్పో వెంటపడి పాడేవారు. అదే బళ్లో చదివి, అదే వృత్తి నేర్చుకుని, ఆ నాన్న కుర్చీలోనే కూర్చున్నాడు మన లుప్పో. దీపాలూ గంటలూ పైకి. అసలు వెతికింది ఆ అతుకు బిళ్ళల్ని. మా నాన్న మంచివాడా, కాదా? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు ఏ బొత్తాల డబ్బాలోనైనా దొరుకుతుందేమోనని సంత సంతా తిరిగాడు.

ఎలా దొరుకుతుంది చెప్పండి? లోహం మాట్లాడుతుందా?

రెండేళ్ల క్రితం ఇదే హాల్లో మా సంఘం ప్రదర్శన పెట్టాం. తొంభై దాటిన ఒకావిడ చక్రాల ఊతకర్ర తోసుకుంటూ వచ్చింది. అదిగో, ముందు వరసలో కూర్చున్నారు, గేసీన్ గారు. నా ముందు నుంచి నెట్టుకుంటూ వెళ్లి, "కొంచెం జరుగమ్మాయ్, నాకు డాక్టరుతో పని" అన్నారు. జేబు రుమాలు విప్పి ఒక బిళ్ళ బల్ల మీద పెట్టారు. లుప్పో భూతద్దం పెట్టుకుని చూసి, నీరసంగా, "ఇది సుంకం కట్టినవాళ్ల బిళ్ళ పెద్దమ్మా, చిల్లు లేదు" అన్నాడు. "చదువుకున్నావు గానీ తిప్పి చూడటం నేర్చుకోలేదా అబ్బాయ్" అన్నారు ఆవిడ.

తిప్పాడు. వెనక వైపు గుండ్రంగా తెల్లటి అతుకు. మళ్లీ ముందుకి తిప్పాడు. ఆ తెలుపు మీద పల్చటి రేకు, ఇత్తడిలో ఇత్తడిలా కలిసిపోయి ఉంది. గోటితో తడిమాడు. పరికరం తీసి అంచు మీద మెల్లగా ఆనించాడు. అతని మొహంలో రంగు మారడం నేను చూశాను. "ఇది బంగారం" అన్నాడు.

గేసీన్ గారు అప్పుడు చెప్పారు. పట్టుబడిన ముగ్గురిలో ఒకరు ఆవిడ నాన్నేనట. పచ్చటి ఇత్తడి మీద తెల్లటి మచ్చ ఎండలో కనబడుతుంది, వారం వారం దాని మీద మసీ నూనే పూయండని డెర్క్ డాక్టరు పదేపదే చెప్పాడట. వీళ్లు బద్ధకించారు. పోలీసు వంగాడు, చూశాడు, పట్టుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. వెలగబెట్టింది తామేనని భార్యలతో చెప్పుకోలేక, డాక్టరు పట్టించాడన్నారు. మరుసటి ఏడు ఆవిడ నాన్న సిగ్గుతో కొత్త బిళ్ళ పట్టుకుని వెళ్తే, డాక్టరు కోప్పడలేదట. "మీ మతిమరుపుకి మందు వేస్తానుండు" అని, ఈసారి తెలుపు మీద బంగారం రేకు తాపాడట. డబ్బు అడగలేదు. మరి ఆయనెందుకు నోరు విప్పలేదు? విప్పితే ఇంకా తిరుగుతున్న బిళ్ళలన్నీ పట్టుబడతాయి కాబట్టి.

"మా నాన్న పోయేముందు నాకు చెప్పాడు. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు" అన్నారు గేసీన్ గారు.

బంగారం ఎక్కడిది? ఫ్యాక్టరీలు మూతపడ్డ ఊళ్లో, రోగులు బంగాళాదుంపలతో ఫీజు కట్టే డాక్టరుకి బంగారం ఎక్కడిది? ఫ్రౌకా లేచి ఇంటికెళ్లి అత్తమామల పెళ్లి ఫోటో తెచ్చింది. ఫోటోలో డెర్క్ డాక్టరు నవ్వుతున్నాడు. ముందు పక్క పన్ను మీద బంగారు తొడుగు మెరుస్తోంది. పళ్లన్నీ ఉన్నాయి. లుప్పో ఆ ఫోటోనీ, బిళ్ళనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వాడు, మిత్రులారా. ఏడవలేదు. బొజ్జ ఊగేలా నవ్వి, "ఫెన్నా, మా నాన్న పన్ను దొరికింది" అన్నాడు.

ఎంతకిస్తారని అడిగాడు. "అమ్మను. అది మా నాన్న ఆదివారం. నీ దగ్గర ఉంచుకో, నీ తర్వాత నాకివ్వు, నేనెలాగూ నీకన్నా గట్టిదాన్ని" అన్నారు గేసీన్ గారు. ఆవిడన్నట్టే అయింది.

ఆ రోజు నుంచి లుప్పో గురక పెట్టడం మొదలుపెట్టాడట. ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ వినలేదని, దుప్పటి తీసుకుని పక్కగదిలోకి మారానని ఫ్రౌకా చెప్పింది. ఆ మాట చెబుతూ ఆవిడ మొహం వెలిగిపోయింది.

మొన్న ఆంట్వెర్ప్ నుంచి వ్యాపారి వచ్చాడు. దీపాలకి వెల కట్టాడు, గంటలకి కట్టాడు, మంచి ధరే ఇచ్చాడు. అంతా బండికెక్కాక చూస్తే ఆ బిళ్ళ అలమారాలో లేదు. నేనూ ఫ్రౌకా కలిసి బండి వెనక పరిగెత్తాం. ఆ మనిషి ఓపిగ్గా డబ్బాలన్నీ మళ్లీ విప్పి చూపించాడు. దేంట్లోనూ లేదు. చివరికి, "షెడ్డులో ఆ పాత సైకిలుకి ఒక బిళ్ళ బిగించి ఉందమ్మా, వెనక అతుకుంది, పనికిరాదని వదిలేశా" అన్నాడు. లుప్పో దాన్ని అలమారాలో దాచలేదు. తన సైకిలుకి బిగించుకుని ఆదివారాలు షికారు తిరిగాడు. ఆ వ్యాపారిని నేను ముద్దుపెట్టుకున్నంత పని చేశాను. ఇప్పుడది గేసీన్ గారి కోటు మీద ఉంది, వెళ్లేటప్పుడు చూసి వెళ్లండి.

లుప్పోకి కావలసింది దొరికింది, దొరికాక నిద్రపోయాడు, ఆ నిద్రలోనే వెళ్లాడు. ఇంతకన్నా ఏం కోరతాం? కానీ ఒక్క పని మిగిలింది. అతను నన్ను ఎప్పుడూ అడగలేదు. నేనే అడుగుతున్నాను.

డెర్క్ మేయరింగ్ పోయినప్పుడు ఈ ఊళ్లో సంతాప సభ జరగలేదు. శవపేటిక వెనక భార్యా, కొడుకూ, పాస్టరూ నడిచారు. వీధి తలుపులు వేసి ఉన్నాయి. ఆయనకి ఈ ఊరు మౌనం బాకీ లేదు, బతికున్నన్నాళ్లూ చాలానే ఇచ్చింది. అది మొహం తిప్పుకున్న మౌనం. నేనడిగేది తల వంచే మౌనం.

ఈ రోజు ఆదివారం. మనమంతా సైకిళ్లెక్కి వచ్చాం. ఎవరూ ఆపలేదు. లేవగలిగినవాళ్లు లేవండి. గేసీన్ గారూ, మీరు కూర్చోండి, మీ చెయ్యి ఫ్రౌకా పట్టుకుంటుంది. కొడుకు కోసం, ఆ కొడుకు పక్కన నాన్న కోసం, ఇద్దరికీ కలిపి, తలలు వంచి కాసేపు నిశ్శబ్దంగా నిలబడదాం.