నమ్మదగిన వ్యక్తి

సంస్మరణ సభకు ఇంకా రెండు గంటల వ్యవధి ఉంది. ముందు హాల్లో కుర్చీలు వేస్తున్నారు. వెనుక గదిలో ఇద్దరే ఉన్నారు: మరణించిన రైలింజను డ్రైవరు కూతురు, ఒకప్పుడు ఆయన దగ్గర అసిస్టెంటుగా పనిచేసిన వృద్ధుడు.

“మీరు వేదిక మీద నా పక్కన కూర్చోవాలో వద్దో ఇప్పుడే తేలాలి, బాబాయ్.”

“‘మీరు’ ఏమిటే తల్లీ, కొత్తగా? నిన్నటిదాకా ‘నువ్వు’ అనే కదా.”

“నిన్న సాయంత్రం నాన్న సర్వీసు ఫైలు చూశాను. ఉపన్యాసానికి తేదీలు కావాలంటే ఆఫీసువాళ్లు ఇచ్చారు.”

“తేదీలెందుకు? మనిషి గురించి చెప్పు. ఎక్కేముందు ఇంజను చెంప మీద తట్టి, ‘ఏం మరదలా, బయల్దేరదామా?’ అనేవాడు. అది చెప్పు, హాలంతా నవ్వుతుంది.”

“చెప్తాను. ఆఖరి పదకొండేళ్లు ఆ మరదలి మొహమే చూడలేదని కూడా చెప్పనా?”

“ఈ గదిలో ఫ్యాను తిరగట్లేదేంటి?”

“తిరుగుతోంది. పదకొండేళ్లూ షెడ్డులో సామాను గది చూసుకున్నాడట. మాకేమో రోజూ డ్యూటీ సంచి భుజాన వేసుకుని బండి నడపడానికే వెళ్లేవాడు. సాయంత్రం మా పెరటి వెనకనుంచి బండి పోతూ రెండుసార్లు కూసేది. ‘అదిగో మీ నాన్న’ అనేది అమ్మ. ఎవరిదా కూత?”

“నాదే. కొట్టమన్నాడు, కొట్టాను.”

“పదకొండేళ్లూనా?”

“నేను సెలవు పెడితే ఇంకొకడికి చెప్పి వెళ్లేవాణ్ణి. ఇంట్లో చిన్నబోవడం ఇష్టంలేదన్నాడు. అదీ తప్పేనా?”

“అది కాదు. నాన్నకి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదని ఫైల్లో ఉంది. మరి అన్నేళ్లూ కంటి పరీక్షలెలా నెగ్గాడు?”

“రంగు చుక్కల మధ్య అంకెలు కనిపెట్టే పుస్తకమేగా. ఏ పేజీలో ఏ అంకె ఉందో పద్యంలా అప్పజెప్పేవాడు. డాక్టరైనా తడబడేవాడేమో గానీ, ఆయన తడబడలేదు.”

“మరి సిగ్నళ్లు?”

“ఏ రంగు కనిపించిందో ఇద్దరం పైకి చెప్పాలని రూలు. నేను ముందు అరిచేవాణ్ణి. నా వెనక ఆయన.”

“ఆ వెనక వెయ్యి మంది ప్రయాణికులు! మీకు జ్వరమొచ్చి పడుకుంటే?”

“పడుకోలేదు. జ్వరంతోనే ఎక్కేవాణ్ణి... తప్పేనమ్మా. ఆయన నవ్వించకపోతే ఆ పని ఒక్కరోజు కూడా చేసేవాణ్ణి కాను.”

“మీ ఇద్దరికే తెలిసిన తప్పు. కానీ ఫైల్లో ‘నమ్మదగిన వ్యక్తి ద్వారా తెలిసింది’ అని ఉంది. నాన్న ఇంజను దిగిన నెలకి ఆయన సీట్లో కూర్చున్నది మీరు.”

“ఓహో. అదా నీ అనుమానం.”

“కాదని చెప్పండి.”

“మీ నాన్న నిన్ను ‘ప్లీడరమ్మ’ అనేవాడు. ఊరికే అనలేదు.”

“కాదని చెప్పండి, బాబాయ్.”

“సరే. నేనే.”

“నేనే అంటే?”

“నేనే పట్టించాను. డ్రైవరునవ్వాలని ఆశ. ఉత్తరం రాసి పడేశాను. చాలా? వేదిక ఎక్కను. ఆ గొడుగు ఇలా అందుకో, పోతాను.”

“సంతకం పెట్టారా?”

“ఎందుకు పెడతాను? ఆకాశరామన్న ఉత్తరం.”

“కూర్చోండి. ఫైల్లో ఉత్తరం ఊసే లేదు. పై ఆఫీసరు స్వయంగా, నోటిమాటగా విన్నానని రాశాడు.”

“ముసలాణ్ణి. మర్చిపోయుంటాను.”

“పట్టించానా లేదా అన్నది కూడా మర్చిపోతారా? మీది కాని నేరం నెత్తినేసుకుని ఎవర్ని కాపాడుతున్నారు?”

“మీ నాన్నకి మాటిచ్చాను. వదిలెయ్.”

“అంటే, ఎవరో నాన్నకి తెలుసు.”

“తెలుసు. ఇసుమంత కోపం లేదు. ‘నా చేతిలో ఎవరూ చావకుండా తప్పింది’ అనేవాడు. మొదట్లో మాత్రం రెండ్రోజులు అన్నం ముట్టలేదు.”

“ఆఫీసరు ఆ మాట ఎక్కడ విన్నాడు?”

“సభకి టైమవుతోంది.”

“రెండు గంటలుంది. ఎక్కడ?”

“మీ ఇంట్లోనే. ఉత్తమ డ్రైవరు పతకానికి మీ నాన్న పేరు పంపుదామని వచ్చాడు, పాపం.”

“మా ఇంట్లోనా? అయితే అమ్మ—”

“ఛ ఛ. ఆ మహాతల్లికి ఈ రోజుకీ తెలీదు.”

“అమ్మ కాకపోతే ఇంకెవరున్నారు ఆ ఇంట్లో? అన్నలు లేరు, తమ్ముళ్లు లేరు. నాన్న, అమ్మ...”

“ఇక్కడితో ఆపు తల్లీ. నేనే అనుకో. నీకేం పోయింది?”

“చెప్పు, బాబాయ్.”

“ఆఫీసరు నీ రంగుపెన్సిళ్లు చూసి ముచ్చటపడ్డాడమ్మా. ‘ఇవి మా నాన్నకి తెలీవు, ఏది ఎరుపో ఏది పచ్చో నేనే చెప్పాలి’ అని గొప్పగా చెప్పావు. అప్పటికి నీకు ఆరేళ్లు.”