చొక్కా జేబు అడుగున మరక

అమ్మాయ్, నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో బడి మానేశాను, ఆ తర్వాత పచారీ కొట్టుకి చీటీలు తప్ప కలం పట్టింది లేదు. నోటితో చెబుదామంటే నలుగురున్న చోట నాకు గొంతు పెగలదు, నీకు తెలుసుగా. నిన్న రిపేరు నుంచి తెచ్చిన మీ కారు ఇవాళ స్టార్ట్ కాకపోతే, మీ ఆయన "ఆ మెకానిక్ వెధవ చెడగొట్టేశాడు" అన్నాడు చూడు, నేను చేతిలో గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాను. "అత్తా, నీకెందుకంత కోపం?" అని వెనకే వచ్చావు. మీ ఆయన మీద కాదులే. అంటే, కొంచెం మీ ఆయన మీద కూడా.

మీ మామయ్య పోయేసరికి నువ్వు ఉయ్యాల్లో ఉన్నావు. మెకానిక్ అని విని ఉంటావు గానీ మనిషి ఎలాంటివారో నీకెవరు చెప్పారు? పొట్టి మనిషి, మాట తక్కువ. అన్నం తింటూ కూడా ఎడమచేతి వేళ్ళతో గాల్లో ఏదో బిగిస్తూ ఉండేవారు. ఏ చొక్కా తీసినా జేబు అడుగున నల్ల మరకే. సబ్బు అరిగేది గానీ అది వదిలేది కాదు. "రోజూ ఆ జేబులో ఏం మోసుకొస్తారండీ?" అని విసుక్కుంటే "కారు ప్రాణం" అని నవ్వేవారు. సరే, ఎక్కడికో పోతున్నాను. ఆయన చేతి మీద ఆఖరున నడిచింది ఒక తెల్ల కారు. ఇంజిన్ దింపి, అంతా విప్పి మళ్ళీ బిగించారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ఇవాళ స్టార్ట్ చేశానోయ్, పక్కన నిలబడినా నడుస్తున్నట్టే తెలీడం లేదు" అని చెప్పి, చొక్కా విప్పి కొక్కానికి తగిలించి, కాళ్ళు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళారు. అక్కడే కూలబడిపోయారు. డాక్టరు వచ్చేసరికే అంతా అయిపోయింది.

వారం కూడా తిరగలేదు, షెడ్డాయన వచ్చాడు. అదే, మీ మామయ్య పనిచేసిన షెడ్డు యజమాని. పరామర్శకి వచ్చినవాళ్ళందరూ వింటుండగా కుర్చీలో వెనక్కి వాలి మొదలుపెట్టాడు. "పోయినవాణ్ణి అనకూడదు గానీ చెల్లెమ్మా, ఆ తెల్ల కారు స్టార్ట్ కావడం లేదు. బ్యాటరీ బాగుంది, సెల్ఫ్ తిరుగుతోంది, పెట్రోలు వస్తోంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. లోపల ఏదో తప్పు బిగించాడు. ఈమధ్య వాడి ధ్యాస పనిమీద ఉండేది కాదులే, అనకూడదు గానీ." అనకూడదు గానీ అంటూనే అన్నీ అన్నాడమ్మా. మా పెద్దాడపడుచు అయ్యో అని బుగ్గలు నొక్కుకుంది, నమ్మేసినట్టే. నేను తలుపు వెనకనుంచి "ఆ సాయంత్రం స్టార్ట్ అయిందన్నారండీ" అన్నాను. "ఏంటమ్మా?" అన్నాడు. మళ్ళీ అనలేకపోయాను. "రేపు పొద్దున్నే కారాయన ఎదురుగానే ఇంజిన్ విప్పిస్తాను, తప్పు ఎవరిదో ఆయనే చూసుకుంటాడు. నా షెడ్డు పేరు పోకూడదు కదా" అంటూ లేచాడు. షెడ్డు పేరట. ఆ పేరు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో? బండి కదలకపోతే మీ మామయ్య ఒక్కో వైరూ, ఒక్కో మూతా తడుముకుంటూ వెళ్ళేవారు. ఈ షెడ్డాయన బండిని వదిలేసి ముందు మనిషిని పట్టుకున్నాడు. పోయినాయన లేచొచ్చి ఎదురుచెప్పరుగా.

అందరూ వెళ్ళాక కొక్కెం దగ్గర నిలబడ్డాను. చొక్కా ఇంకా అక్కడే ఉంది, ఉతకడానికి చేతులు రాలేదు. కడుపుమంటతో ఒక్క లాగు లాగితే జేబులోది గోడకి కొట్టుకుని టక్కుమంది. తీసి చూస్తే బొటనవేలంత గోధుమరంగు ముక్క, పైన చిన్న ఇత్తడి రేకు. రోటర్ అంటారు. ఇంజిన్ దగ్గర వైర్లన్నీ చేరే మూత కింద ఉంటుంది. అది లేకపోతే స్పార్కు రాదు, రోజంతా తిప్పినా బండి స్టార్ట్ కాదు. నాకెలా తెలుసంటావా? మరకల గొడవలో ఆయనే చెప్పారు. ఆ షెడ్డుకి తలుపుల్లేవు. ఒకసారి ఎవరో లోపలున్న కారు తోలుకుపోయి కాలవలో పడేశారు. అప్పట్నుంచి, పని అయిపోయిన కారు ఏదైనా షెడ్డులో ఉంటే, ఆఖరున ఇంటికెళ్ళేవాళ్ళు దాని రోటర్ పీకి జేబులో వేసుకుపోవాలి, పొద్దున్నే తెచ్చి పెట్టాలి. ఈ నియమం పెట్టిందెవరనుకున్నావు? షెడ్డాయనే. మూతకి ఉన్నవి రెండు క్లిప్పులు. ఎత్తి చూడ్డానికి ఎంతసేపు పట్టేది?

పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా షెడ్డుకి నడిచాను. అన్నాళ్ళ కాపురంలో అందులోకి అడుగుపెట్టడం అదే మొదలు. బానెట్ ఎత్తి ఉంది. కారాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. షెడ్డాయన పానా పట్టుకుని వంగుతున్నాడు. "అన్నయ్యగారూ" అన్నాను. ఈసారి అందరికీ వినపడింది. ఆ ముక్క షెడ్డాయన అరచేతిలో పెట్టి, "ఇది ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు, మీకు తెలుసు" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. మూత తీశాడు, పెట్టాడు, సెల్ఫ్ కొట్టాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. నిజమేనే, పక్కనే నిలబడినా నడుస్తున్నట్టు తెలీలేదు. కారాయన ఏదో అనబోయాడు. ఈలోగా షెడ్డాయన చేతులు తుడుచుకుంటూ "ఒక మాట చెప్పి పోవాల్సింది కదమ్మా వాడు" అన్నాడు.

నేను ఇంటికొచ్చి ఆ చొక్కా నానబెట్టి ఉతికి ఆరేశాను. జేబు దగ్గర మాత్రం రుద్దలేదు.