పిల్లికూన ఎందుకు గీరింది

"ఏదో ఒకరోజు ఇది వాడి ప్రాణం మీదికి తెస్తుందక్కా. చూస్తూ ఉండు."

అక్క ఇంకా చెప్పులైనా విప్పలేదు. ఉయ్యాలలో చంటివాడు నిద్రపోతున్నాడు. వాడి అక్క, నాలుగేళ్ళ పిట్ట, మంచం కింద దూరి ఉంది.

"నన్ను కూర్చోనిస్తావా ముందు? ఎవరు, ఎవరి ప్రాణం మీదికి?"

"ఇంకెవరు, మా పిట్ట. మళ్ళీ గిల్లింది. హాయిగా నిద్రపోతున్నవాణ్ణి. ఇదిగో, పిక్క మీద ఎలా కందిపోయిందో చూడు."

"దోమ కుట్టినట్టుంది."

"దోమకి గోళ్ళుంటాయా? నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. ఎందుకే అంటే బెల్లం కొట్టిన రాయి. పొద్దున్నించీ ఆ మంచం కిందే."

"పిట్టా, పెద్దమ్మొచ్చింది. రావూ?"

"రాదు. అందుకే నిన్ను పిలిచాను. సంచి సర్దేశాను. బట్టలు, దుప్పటి, దాని చెంచా. వీడు నడిచేదాకా మీ ఇంట్లో ఉంచుకో."

"నడిచేదాకానా? మెడే నిలవలేదు కదే వాడికి."

"అదే నా భయం. నేను వంటింట్లో ఉన్నప్పుడు వాడి మొహం మీద దిండు వేసేస్తే? కంట్లో వేలు పెడితే? ఉండు, ఉయ్యాల తాడు చూసొస్తా."

"నేనొచ్చాక ఇప్పటికి రెండుసార్లు చూశావు. కూర్చో. సంచి సంగతి దానికి తెలుసా?"

"దాని ముందే సర్దాను."

"ఏడ్చినట్టుంది నీ తెలివి."

"మరేం చెయ్యను? కొట్టలేదు, తిట్టలేదు. బళ్ళో టీచరమ్మ కథలు చెప్పమంది. మనసులో ఉన్నది కథలో బయటపడుతుందట. రోజూ చెప్తూనే ఉన్నాను, పిల్లికూన కథ."

"ఏమని?"

"పిల్లికూనకి తమ్ముడు పుట్టాడు. దానికి కోపం... కోపం కాదులే, కాస్త అలకొచ్చింది. కానీ మంచి పిల్లి కదా, తమ్ముడు బంగారుకొండ అని ముద్దు పెట్టుకుంది. అయిపోయింది."

"గోళ్ళు కత్తిరించేసి పిల్లి కథ చెప్పావన్నమాట. అది పిల్లి కాదే, హెడ్మాస్టరు."

"గీరిందని చెప్తే లేనిపోనివి నేర్పినట్టు కాదూ?"

"గిల్లడం నీ కథ విని నేర్చుకుందా? జరుగు. పిట్టా, నేనిక్కడే నేల మీద కూచుంటున్నా. నా మోకాళ్ళకి మంచం కింద దూరే యోగం లేదు. కథ వింటావా? ఒక పిల్లికూన. దానికో తమ్ముడొచ్చాడు. ఇంటిల్లిపాదీ వాడి చుట్టూనే. పిల్లికూనకి ఒళ్ళు మండిపోయింది."

"అక్కా."

"భగ్గున మండింది. వెళ్ళి గీరింది."

"వద్దక్కా... పిట్టా, తర్వాత సారీ చెప్పింది కదమ్మా పిల్లికూన? అమ్మ దగ్గరికొచ్చి..."

"నోరు కుట్టేసుకుంటావా, నన్ను కుట్టమంటావా? దర్జీదాన్ని, సూదీ దారం నా దగ్గరే ఉన్నాయి."

"నువ్వు నవ్వుతావు. నాకిక్కడ గుండెలు జారిపోతున్నాయి."

"జారనీ, నోరు మాత్రం తెరవకు. పిట్టా, పిల్లికూనని అందరూ తిట్టారు. పెద్దమ్మ పిల్లి ఒక్కతే అడిగింది, ఎందుకు గీరావమ్మా అని. అప్పుడు పిల్లికూన ఏమంది? ఆ ముక్క నాకు తెలీదు. నువ్వే చెప్పాలి."

"ఏమంటుంది? వాడంటే ఇష్టం లేదంటుంది. అదే మాట నా చెవిన పడిందంటే నేను..."

"ఉష్."

"నిజంగా అంటే మాత్రం సంచి తీసుకెళ్ళాల్సిందే."

"అననీ. కొంపలేం అంటుకోవు. అది చెప్పేదాకా ఇద్దరం ఊరుకుందాం."

"చెప్పకపోతే?"

"ఊరుకోవే."

చివరికి మంచం కిందనించి పిట్ట గొంతు వినిపించింది.

"పిల్లికూనకి కోపం రాలేదు పెద్దమ్మా."

"రాలేదూ? మరి?"

"అమ్మపిల్లి మాటిమాటికీ వచ్చి తమ్ముడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది, ఊపిరి ఆడుతోందా అని. ఏడుస్తుంది కూడా. అమ్మపిల్లి స్నానానికెళ్ళినప్పుడు పిల్లికూన కూడా వేలు పెట్టింది. ఏం తెలీలేదు. గిల్లితే ఏడుస్తాడు. ఏడిస్తే బతికున్నట్టే కదా."