బోర్డు మీది రాయి

సభాధ్యక్షులు రేవు అధికారి గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఈ పూట ఉద్యోగ విరమణ చేస్తూ మనందరినీ ఇక్కడికి రప్పించిన మాస్టారికి, ఆయన్ని ఇన్నేళ్లు సముద్రానికి వదిలేసి ఓపిక పట్టిన వారి శ్రీమతి గారికి, పడవల బడి పిల్లలకు, అందరికంటే ముందొచ్చి ఫ్యాను కింద కుర్చీ పట్టుకున్న మా మరిదికి నమస్కారాలు. (నవ్వులు)

నేను పీతలు పట్టేదాన్ని. వలతో కాదు, బోనులతో. బోను అడుక్కి దింపి, దాని తాడు చివర ఒక డబ్బా కట్టి నీటి మీద వదిలేస్తాం, మర్నాడు ఆ డబ్బా పట్టుకుని బోను పైకి లాగుతాం. ఆ తాడు మాకు బతుకుతెరువు, మాస్టారి తెరచాప పడవలకు మాత్రం గండం. ఎందుకంటే గాలి పడిపోయి ఇంజను వేశారంటే, కింద తిరిగే పంకాకు అది చుట్టుకుని పడవను కదలనివ్వదు. అందుకే మొదట్లో ఆయనకూ మాకూ అస్సలు పడేది కాదు. మీ పడవలు మీ బడి వరండాలోనే నడుపుకోండని రేవు గట్టు మీద నిలబడి అరిచింది నేనే. మర్నాడు ఆయన పసుపు రంగూ బ్రష్షూ పట్టుకొచ్చి, కిందే చతికిలబడి, మా నల్లటి నూనె డబ్బాలన్నిటికీ తానే రంగు వేశారు. చొక్కాకు కూడా వేసుకున్నారు. అమ్మగారికి గుర్తుండే ఉంటుంది. (నవ్వులు)

ఆయన పాఠాలు మీ అందరికీ కంఠతా వచ్చు. నీటి వాలు డబ్బాను ఎటు లాగుతుంటే అటువైపు నుంచే దాటండి, తాడు దానికి రెండో వైపున నీటి కింద చాచుకుని ఉంటుంది. రెండు డబ్బాల మధ్య ఖాళీ కనిపిస్తే అది దారి అనుకోకండి. పడవ ముక్కు దగ్గర కూర్చున్నవాళ్లు నీళ్లు చూడాలి గానీ కబుర్లు చెప్పకూడదు. తాడు చుట్టుకుందా, ముందు ఇంజను ఆపండి, తర్వాత తీరిగ్గా భయపడండి. (నవ్వులు) అయితే పోటు ఉరవడిగా ఉన్న రోజు డబ్బా కూడా మునిగిపోతుంది, ఎంత పసుపు పూసినా కనిపించదు. అందుకే ఆయన వారం వారం మా ఇళ్లకు తిరిగి, ఎవరి బోనులు ఎక్కడున్నాయో అడిగి, ఇదిగో నా వెనకున్న ఈ రేవు పటం బోర్డు మీద ఎర్ర సుద్దతో సున్నాలు చుట్టేవారు.

ఇందాక అధ్యక్షుల వారు ఒక మాటన్నారు. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో మాస్టారిది ఒకే ఒక్క పొరపాటు, అదీ క్షమించదగ్గదే అన్నారు. నేను రాసుకొచ్చిన నాలుగు ముక్కలూ అప్పుడే మడిచి లోపల పెట్టేశాను. ఆ పొరపాటు ఆయనది కాదండీ. నాది.



మంచి నీళ్లు ఇలా ఇవ్వండి.

బోనులు వేసే చోటు మేం సొంత మరిదికి కూడా చెప్పం. సొంత మరిదికి అసలే చెప్పం. (నవ్వులు) బోర్డు మీద సున్నా పడితే ఊరందరికీ తెలిసిపోతుందని, తొమ్మిదేళ్ల కిందట మాస్టారికి నేను వేరే చోటు చెప్పాను. ఆయన నమ్మి అక్కడే చుట్టారు. ఆ వారమే ఎనిమిది మంది పిల్లలతో వస్తుంటే గాలి పడిపోయింది, ఇంజను వేశారు, బోర్డు ప్రకారం ఏమీ లేని చోట, పోటుకు డబ్బా మునిగి ఉన్న నా తాడు చుట్టుకుంది. పోటు వాళ్లను గట్టు బండల మీదికి నెడుతోంది. ఆయన లంగరు దింపి, కత్తి నోట కరుచుకుని నీళ్లలోకి దిగారు. బోనులు తీయడానికి నేను అటే వెళుతున్నాను, చూసి నా పడవ దగ్గరికి తెచ్చాను. ఆయన నా పడవ పక్కన పైకి తేలి, తెగిన తాడు కొస ఎవరికీ కనపడకుండా నా చేతిలో పెట్టారు. ముడి నాదే. ఆయన నా మొహం చూసి, పిల్లల వైపు తిరిగి, "రాయి తగిలిందర్రా, ఏం పర్లేదు" అన్నారు.

రాయి ఉన్నచోటికి పిల్లల్ని తీసుకెళ్లారని బడి కమిటీ ఆయన్ని ఏడాది పాటు సముద్రం మీదికి వెళ్లనివ్వలేదు. ఆ ఏడాదంతా గదిలో కూర్చుని ముడులు నేర్పారు. నేను కిటికీ ముందు నుంచే రోజూ నడిచి వెళ్లేదాన్ని. ఆయన నమస్కారం పెట్టేవారు. నేను సిగ్గుతో తల దించుకుని పోయేదాన్ని.

ఈ బోర్డు మీద గుర్తు పెట్టుకుని మీరంతా తొమ్మిదేళ్లుగా చుట్టు తిరిగి వెళుతున్న ఆ రాయి అసలు లేదండీ. అధికారి గారూ, మీ పటంలోకి కూడా ఎక్కిందట! (పెద్దగా నవ్వులు) మా మరిదైతే పడవ అడుగుకు చిల్లు పడుతుందని ఆ ఛాయలకే రాడు. ఆయన పిల్లల్నీ కాపాడారు, నా పీతల్నీ కాపాడారు, తన పేరొక్కటే వదులుకున్నారు.

రేపటి నుంచి ఆ బడి నడపబోయే అమ్మాయి ఆ రోజు పడవ ముక్కు దగ్గర కూర్చుంది. రాయిని నేనెందుకు చూడలేకపోయానని ఇప్పటికీ తనను తానే అడుగుతుందట. తల్లీ, లేని రాయి ఎవరికి కనిపిస్తుంది? నీ చూపుకేం కాలేదు.

మాస్టారూ, మీరలా చెయ్యి ఊపకండి, నేను ఆగను. అమ్మాయ్, ఆ గుడ్డ ఇలా ఇవ్వు. (బోర్డు దగ్గరికి వెళ్లి రాయి గుర్తు తుడిచారు) ఎర్ర సుద్ద ఏది? ఇదిగో, ఇక్కడ. (సున్నా చుట్టారు) మొత్తం పద్నాలుగు బోనులు. మరిదిగారూ, కాగితం లోపల పెట్టుకోండి, ఇది మీకోసం కాదు. (నవ్వులు, చప్పట్లు)

అధ్యక్షుల వారు ఆ ఒక్క పొరపాటు అన్న మాట మాస్టారి కాగితాల్లోంచి కొట్టేయాలని నా మనవి. ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయ్, సుద్ద నీ దగ్గరే ఉంచు. వచ్చే వారం మా ఇంటికి అడగడానికి రా, నిజమే చెబుతాను. సెలవు.